పోతుమేడి తోటలో ఐదు తరాలు

211వ తరం, 1వ రోజు

తెల్లవారేసరికి తూర్పు వరస కాయలు కోతకొచ్చాయి. మొత్తం ఏడు గంపలు. పోయిన తరానికి పది వచ్చాయి. నాకు ముందు ఈ తోట చూసిన ఇద్దరి పుస్తకాలూ తిరగేశాను. పదికి తగ్గిన తరం ఒక్కటీ లేదు.

కిందగండి వాళ్ళు ఎప్పుడైనా ఈ పుస్తకం తెరిస్తే తెలియాలని, అందరికీ తెలిసిందే మళ్ళీ రాస్తున్నాను. ఏటి లోయకు ఎగువనున్న మా పైగండిలో ఉన్నవన్నీ పోతుమేడి చెట్లు. కిందగండిలో ఉన్నవన్నీ పెంటిమేడి చెట్లు. మేడి ఈగ ఆవగింజలో సగం కూడా ఉండదు, బతికేది ఒక్క రోజు. పోతుకాయలో పుట్టి, ఒంటినిండా పుప్పొడితో బయటికొచ్చి, ఇంకో లేత కాయ మూతిలోంచి లోపలికి దూరుతుంది. దూరేటప్పుడే రెక్కలు ఊడిపోతాయి. ఇక బయటికి రాదు. అది దూరింది పోతుకాయలోకైతే గుడ్లు పెట్టి చస్తుంది. అరవై రోజులకు ఆ గుడ్లే కొత్త తరం. పెంటికాయలోకి దూరితే గుడ్డు పెట్టే వీలే లేదు. పుప్పొడి రాల్చి ఊరికే చస్తుంది. అలా చస్తేనే పెంటికాయ పండవుతుంది, లేకపోతే పిందెగానే రాలిపోతుంది. మా తోటలో మనిషి తినే పండు కాయదు. వాళ్ళ తోటలో ఈగ పుట్టదు.

అందుకే ఈగ నిండిన పోతుకాయలు పది గంపల్లో నాలుగు కిందికి, ఆరు ఇక్కడి రెండో వరసకు. రెండువందల తరాలు, అంటే ముప్పైమూడేళ్ళు ఇలాగే నడిచింది. పోయిన తరానికి ఆరు అడిగారు. కొత్త చెట్లు కాపుకొచ్చాయని బతిమాలితే ఇచ్చాను. తప్పు నాదే. ఇది కూడా రాస్తున్నాను.

కోత ఇంకా పూర్తి కాకముందే తీగ ఫోను మోగింది. జయచంద్ర. నా మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. జయచంద్ర అతని తమ్ముడు. కిందగండిలో చెట్ల పెత్తనం ఇతనిదే.

"వదినా, ఆరు గంపలు పంపియ్యి."

"ఏడే వచ్చినాయి. నాలుగు పంపిస్తాండా."

"పోయినసారి ఆరిస్తివి గదా?"

"ఇచ్చినందుకే ఈసారి ఏడు. నీకు అర్థం అవుతాందా ల్యాదా?"

"ఈడ మూడొందల నలభై నోళ్ళుండాయి. మీరు పదకొండుమంది. మిగిలిన పురుగుల్ని ఏం జేసుకుంటారు, కూరొండుకుంటారా?"

"పడమటి వరస కాయలకు వదలల్ల. ల్యాకుంటే వచ్చే తరం ఉండదు."

"నువ్వు నీడలో కూచ్చోని పుస్తకం రాస్తాండావు. మా ఆడోళ్ళు ఎండలో చెట్లకు నీళ్ళు మోస్తాండారు. నూటిరవై కొత్త చెట్లు మూతులు తెరుచుకోని ఉండాయి. వాటికేం జెప్పల్ల?"

"నన్నడిగి నాటినారా?"

ఫోను పెట్టేశాడు. మోసేవాళ్ళు నాలుగు గంపలు ఎత్తుకుని ఎండిన ఏటి దారిన పరుగు తీశారు. తొమ్మిది కిలోమీటర్లు. ఎండ గంట మోగేలోపల చేరాలి. నలభై అయిదు డిగ్రీలు దాటగానే మోగే గంట అది. ఆ తర్వాత బయట ఈగా నిలవదు, మనిషీ నిలవడు.

మిగిలిన మూడు గంపల గుడ్డలు పడమటి వరస కింద విప్పాను. ఈగలు పలచగా లేచాయి.

211వ తరం, 5వ రోజు

పడమటి వరసలో చెట్టుకు రెండు చొప్పున కాయలు కోసి లోపల చూశాను. పది కాయల్లో ఐదింటిలోకి ఈగ దూరనే లేదు. అవి వారంలో రాలిపోతాయి. వచ్చే తరానికి ఐదు గంపలు వస్తే గొప్ప.

కింద నుంచి మా తిండి వచ్చింది. ఎండు మేడిపండ్లు, నెలకు ఎనిమిది సంచులు రావాలి. ఐదే ఉన్నాయి. ఎందుకని తిప్పన్న అడిగితే, తెచ్చినవాడు, "గంపలు తగ్గినాయి, సంచులూ తగ్గినాయి" అన్నాడట. తిప్పన్న నాతో కలిసి పదిహేనేళ్ళుగా తోట చూస్తున్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఈ రోజు ఖాళీ సంచి నేలకేసి కొట్టాడు.

211వ తరం, 38వ రోజు

ఎండ యాభై ఒక్క డిగ్రీలు. నీడగుడ్డలు రోజుకు నాలుగుసార్లు తడుపుతున్నాం. చెలమలో నీళ్ళు మూరెడు దిగాయి. తూర్పు వరస ఆకు దూసి, నీళ్ళు ఆపాము. చెట్టు అలా ఆకలిపడితేనే అరవయ్యో రోజుకు లేత కాయ మూతి విప్పుతుంది. పడమటి వరసలో ఈగలు బయటికొచ్చే రోజుకు తూర్పు వరస సిద్ధంగా ఉండాలి. ఒక్క రోజు అటూ ఇటూ అయినా అంతా పోతుంది.

మధ్యాహ్నం సాలమ్మ ఫోను చేసింది. జయచంద్ర పెళ్ళాం, నా తోడికోడలు. కిందగండిలో అంట్లు కట్టేది ఆమే. నేను అక్కడ కాపురం చేసిన రోజుల్లో నా దగ్గరే నేర్చుకుంది.

"అక్కా, మా ఆయనతో గట్టిగా మాట్లాడొద్దు. ఈడ నీ పేరెత్తితే ఉమ్మేస్తాండారు."

"చెట్టు సంగతి నీకు తెలీదా సాలమ్మా? నువ్వు చెప్పకూడదా?"

"చెప్తే ఎవురింటారు? కోసి చూపిచ్చేదానికి ఈడ పోతుకాయ ల్యా. పురుగులు దాచిపెట్టుకోని మనల్ని ఆడిస్తాంది అంటాండారు." కాసేపు ఆగి, "పాప పొద్దున లేస్తానే పండు అడుగుతాంది. అర పండు పెడుతున్నా. మిగతా అరా సాయంత్రానికి" అంది.

పాప పేరు వీరమ్మ. మూడేళ్ళది. నేను చూడలేదు.

211వ తరం, 60వ రోజు

ఎండ తగ్గాక ఏడుగురు వచ్చారు. కావడి బద్దలు, కొడవళ్ళు. ముందు జయచంద్ర. నన్ను పలకరించకుండానే తోటంతా తిరిగి, రేపు కోతకొచ్చే కాయల్ని కళ్ళతోనే లెక్కపెట్టుకున్నాడు.

"ఐదు గంపలు. ఐదూ మాకే" అన్నాడు.

నేను వాదించలేదు. వాళ్ళ దారిబత్తెం మూటలో ఎండు పండ్లు ఉన్నాయి. ఒకటి తీసి అతని ముందు పెట్టి కత్తి ఇచ్చాను.

"కొయ్యి. దీంట్లో ఒక్క బతికిన ఈగ గానీ, ఒక్క గుడ్డు గానీ చూపించు. ఈ తోట నీకు రాసిచ్చి ఈ గండి ఇడిచిపెట్టి పోతా."

కోశాడు. గింజల మధ్య రెక్కలూడిన ఈగ ఒకటి, ఎండిపోయి. ఇంకోటి కోశాడు. ఇంకోటి. మూటలోని పండ్లన్నీ, ముప్పైకి పైగా, దీపం దగ్గరకు పట్టుకుని ఒక్కొక్కటే చీల్చి చూశాడు. మిగతావాళ్ళు ఏటి దగ్గర పక్కలు పరుచుకుంటున్నారు. ఈ సంగతి వాళ్ళు చూడలేదు. తర్వాత ఒక పోతుకాయ కోసి ఇచ్చాను. లోపల గూళ్ళు, గూటికొక ఈగ, కదులుతూ.

కత్తి కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మేం ఎత్తుకపోయినవన్నీ మా తావ చచ్చినట్టే."

"అన్నీ. రేపు ఐదూ ఎత్తుకపోతే ఇంకో పంట తింటారు. ఆ తర్వాత ఈ లోకంలో మేడి ఈగ ఉండదు."

"అర్థమైంది వదినా." లేచాడు. "కానీ వట్టి చేతుల్తో పోతే నన్ను బతకనియ్యరు. ఎత్తుకపోతా. తర్వాత సంగతి తర్వాత."

అర్థం చేసుకోలేని మనిషైతే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

212వ తరం, 1వ రోజు

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి.

తెల్లవారుతుండగా పడమటి వరస కాయలు కోశాం. ఐదు గంపలు. వాళ్ళే దగ్గర నిలబడి కోయించారు, వాళ్ళే గుడ్డలు కట్టారు. కావళ్ళకు ఎత్తేముందు నీళ్ళు తాగడానికి చెలమ దగ్గరకు వెళ్ళారు. గంపలు తూర్పు వరస చివర పెట్టి ఉన్నాయి. అంట్లు కట్టే కత్తి నా నడుముకే ఉంది.

ఐదు గుడ్డలూ చీల్చాను. గంపలు చెట్ల మొదట్లోకి బోర్లించాను.

అప్పటికే కాయలకు చిల్లులు పడి ఉన్నాయి. ఈగలు సన్నటి పొగలాగా లేచాయి. తూర్పు వరస లేత కాయలు సరిగ్గా ఆ రోజే మూతులు విప్పాయి. ఆ వాసన మనకు తెలియదు గానీ ఈగకు తెలుస్తుంది. క్షణం కూడా తిరగలేదు, అన్నీ అటే పోయాయి.

"ఏం జేస్తాండావు మే!" అని ఎవరో అరిచారు. పరిగెత్తుకొచ్చారు. ఒకడు పైగుడ్డ గాలిలో ఊపుతూ ఈగల్ని పట్టుకోవాలని చూశాడు. ఇంకొకడు బోర్లించిన గంప ఎత్తి వాసన చూసి, దాన్ని తన్ని, నేలమీద కూలబడి ఏడ్చాడు. ఇంటి దగ్గర అతనికెంతమంది ఉన్నారో నాకు తెలియదు.

జయచంద్ర అరవలేదు. కావడి బద్ద తీసుకుని కత్తి పట్టుకున్న నా చేతిమీద కొట్టాడు. కిందపడిన తర్వాత అదే చేతిమీద మళ్ళీ కొట్టాడు. మణికట్టు దగ్గర రెండు చోట్ల విరిగింది. తిప్పన్న నా మీద పడి అడ్డుకున్నాడు కాబట్టి మూడోది నాకు తగల్లేదు, అతని వీపున పడింది.

"నీకు తెలుసు" అన్నాను అతనితో. "నీకు తెలిసి కూడా కొడతాండావు."

అతను మిగతావాళ్ళ వైపు చూశాడు. "పదండి. ఇంక ఈళ్ళకు సంచి పోదు" అన్నాడు.

212వ తరం, 12వ రోజు

సంచులు రాలేదు. రెండుసార్లు ఫోను చేశాను. "ఈగల్ని తినండి" అని ఒక ఆడగొంతు చెప్పి పెట్టేసింది.

చెయ్యికి కర్రలు కట్టి ఉన్నాయి. వాపు తగ్గింది, వేళ్ళు ముడుచుకోవడం లేదు. తూర్పు వరసలో కాయలు కోసి చూశాను. పదికి తొమ్మిదింటిలో ఈగ దూరింది. ఇంత బాగా పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

మిగిలింది ఒకటిన్నర సంచి. పదకొండుమందిమి.

212వ తరం, 31వ రోజు

చెలమ ఒడ్డున పొన్నగంటి ఆకు అయిపోయింది. చింత చిగురు అయిపోయింది. ఉడుములు దొరకడం లేదు.

పొద్దున తూర్పు వరసలో కింది కొమ్మల తొడిమల నుంచి పాలు కారుతూ కనిపించాయి. ఎవరో అప్పుడే కోశారు. లెక్కపెడితే అరవై రెండు కాయలు లేవు. చుక్కల వెంట నడిచాను. అవి తిప్పన్న గుడిసె దాకా ఉన్నాయి. పొయ్యి మీద కుండ. లోపల పచ్చి పోతుకాయలు ఉడుకుతున్నాయి. పక్కన మంచం మీద అతని భార్య నరసమ్మ, జ్వరంతో.

"ఒక్కో కాయలో రెండొందల ఈగలు తిప్పన్నా."

"నా పెండ్లాం కడుపులో నాలుగు రోజుల్నించి ఏం ల్యా. అది గూడా రాసుకో నీ పుస్తకంలో."

"వాటికోసం నా చెయ్యి ఇరగ్గొట్టించుకుంటి."

"నేను గూడా దెబ్బ తింటి. నీకు గుర్తుండాదా?"

గుర్తుంది. అయినా కుండ ఎత్తి బయట పారబోశాను. నరసమ్మ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. తోటలో మళ్ళీ కాలు పెడితే ఆ కాలు నరుకుతానని అతనితో చెప్పాను. పదిహేనేళ్ళు కలిసి పనిచేసిన మనిషితో అన్నాను. అతను కత్తెరా, నిచ్చెనా తెచ్చి నా గుమ్మం ముందు పెట్టి వెళ్ళాడు.

212వ తరం, 34వ రోజు

నిన్న పొద్దున తిప్పన్న ఒక్కడే మెట్లెక్కి లోయ గట్టుమీదికి పోయాడట. గట్టుమీద నీడ ఉండదు. ఎండ గంట మోగేలోపల రావాలి. మోగింది, రాలేదు. సాయంత్రం పోయి చూస్తే పై మెట్టు దగ్గరే బోర్లా పడి ఉన్నాడు. ఇంకో పది మెట్లు దిగితే నీడ. సంచిలో రెండు దోసిళ్ళ బలుసుకాయలు ఉన్నాయి. ఒక్కటీ నలగలేదు. పడేటప్పుడు సంచి ఎత్తి పట్టుకున్నట్టుంది.

కాయలు నరసమ్మకు ఇచ్చాను. తీసుకుంది. నా ముఖం చూడలేదు.

తోటలో అడుగు పెట్టొద్దని నేను అన్నందుకే పోయాడు. ఇది ఎవరూ నాతో అనలేదు, నేనే రాస్తున్నాను.

213వ తరం, 1వ రోజు

ఎనిమిది గంపలు. ఐదు ఇక్కడ, మూడు కిందికి. నాలుగు ఇవ్వాలంటే ఇంకో తరం ఆగాలి. తిప్పన్న పోయిన దారినే మావాళ్ళు రోజూ చీకటితోనే గట్టెక్కి బలుసుకాయలు తెస్తున్నారు, వాటితోనే బతుకుతున్నాం.

మోసేవాళ్ళు రాలేదు. వస్తారని అనుకోలేదు కూడా. మావాళ్ళంతా కిందికి రామన్నారు. రెండు గంపలు కావడికి కట్టి ఎడమ భుజాన వేసుకున్నాను. మూడోది నరసమ్మ ఎత్తుకుంది. ఎందుకని అడగలేదు, ఆమే చెప్పింది. "నీకోసం గాదు. మా ఆయన పెంచిన కాయలు." తొమ్మిది కిలోమీటర్లూ నాకు ఇరవై అడుగుల ముందే నడిచింది.

కిందగండి మొదట్లో చెట్ల కింద జనం నిలబడి ఉన్నారు. మొదటి రాయి కావడికి తగిలింది, రెండోది నా మోకాలికి. గంపలకు తగలకుండా వాటి ముందు నిలబడ్డాను.

"చీల్చి పారేసిన దొంగముండ, మళ్ళీ ఏం మొఖం పెట్టుకోని వచ్చింది?"

"మమ్మల్ని చంపాలని ఇడిచిపెట్టింది, కుళ్ళుతో!"

అప్పుడు తెలిసింది, ఆ రాత్రి పండ్లు కోసి చూసిన సంగతి జయచంద్ర వీళ్ళకు చెప్పలేదని. అతను వెనకాల, చెట్టుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను గట్టిగా చెప్పాను. "మీ పండు కోసి చూడండి. ఒక్క ఈగ బతికుంటే నన్ను ఈడనే చంపండి."

ఒక ముసలాయన నవ్వాడు. "కోసి పారేసేదానికి పండ్లేడుండాయి తల్లీ?"

నేను గంపలకు ఇంకా దగ్గరగా జరిగాను.

సాలమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. చాలా చిక్కిపోయింది. గంపకు చెవి ఆనించి విన్నది. "బతికుండాయి. కట్టండి బిరీన" అని అరిచింది. పొట్లాలు కట్టి కొమ్మలకు వేలాడదీయడం మొదలుపెట్టారు. కొత్త చెట్లకు వద్దు, పాత వాటికే కట్టమన్నాను. ఎవరూ నా వైపు చూడలేదు గానీ అలాగే చేశారు. మాకు తాగడానికి నీళ్ళు ఇవ్వలేదు. ఎండ గంట మోగాక ఏటి ఒడ్డున ఒక రాతి కింద, నరసమ్మ ఒక చివర, నేను ఒక చివర కూర్చుని, సాయంత్రం తిరిగి వచ్చాం.

213వ తరం, 29వ రోజు

పోయిన తరంలో నేను వదిలేసిన ఈగల వల్ల రాని పంట, వాళ్ళకు ఈ తరంలో రావాల్సిన తిండి. నిల్వలు ఇరవయ్యో రోజుకు అయిపోయి ఉంటాయని నా లెక్క. కిందికి ఎవరూ పోవడం లేదు. అక్కడి నుంచి కబురు లేదు.

ఈ రోజు ఫోను మోగింది. సాలమ్మ.

"వీరమ్మ పోయింది."

ఎప్పుడని అడగబోయాను.

"మొత్తం తొమ్మిదిమంది పోయినారు. నా బిడ్డ తొమ్మిదోది. నీకు తెలియల్లని ఫోను చేసినా మే."

పాతికేళ్ళలో ఆమె నన్ను అక్కా అని పిలవకుండా ఫోను పెట్టడం ఇదే మొదటిసారి.

తూర్పు వరస ఆకు దూయాల్సిన రోజు ఇదే. వెళ్ళి దూశాను. ఎడమ చేత్తో ఒక్క చెట్టుకు పూట పట్టింది.

214వ తరం, 1వ రోజు

తొమ్మిది గంపలు. మోసేవాళ్ళు వచ్చారు, నలుగురు. మూడు గంపలతో పట్టిన కాయలు పండాయట, రెండు సంచులు తెచ్చి గుమ్మంలో పడేశారు. నాలుగు గంపలు ఎత్తుకుని మాట లేకుండా పోయారు.

వాళ్ళతోపాటు సాలమ్మ వచ్చింది, చాపా, దుప్పటీ చంకలో పెట్టుకుని.

"ఊరు పంపిచ్చింది" అంది. "ఇంకమీద లెక్క నా కండ్లముందే జరగల్ల. ఒక్క కాయ దాచినా నిన్ను ఈడనే పాతిపెట్టి తోట నన్ను చూసుకోమన్నారు."

"చూసుకో" అన్నాను.

నరసమ్మ తన గుడిసెలో చోటిచ్చింది. నన్ను ఇష్టపడనివాళ్ళు ఇప్పుడు ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు.

214వ తరం, 6వ రోజు

పట్టిన కాయల లెక్క తీసే రోజు. సాలమ్మ నా చేతిలోంచి కత్తి లాక్కుంది. విరిగిన చేత్తో నేను సరిగా కొయ్యలేనని కాదు. నన్ను నమ్మదు. తూర్పు వరసలో తనే ఎంచుకున్న చెట్ల నుంచి తనే కోసింది. ఒక్కో కాయను భూతద్దం పెట్టి చూసింది. లోపల చచ్చిన తల్లి ఈగ, చుట్టూ గుడ్లు పెట్టిన గూళ్ళు. ఇరవై కాయలు చూశాక, మాట్లాడకుండా గుడిసెకు పోయి, సంచిలోంచి పది పెంటిపండ్లు తెచ్చి అవీ కోసింది.

"ఒక్కటీ ల్యా" అంది.

"ల్యా."

"మాయాయనకు తెలుసునా?"

చెప్పకుండా ఉండొచ్చు. వాళ్ళ కాపురం నాకెందుకు? కానీ ఆమె చేతిలో కత్తి, ఒడిలో కోసిన పండ్లు చూస్తే అబద్ధం నోటికి రాలేదు.

"తెలుసు. గంపలు చీల్చినదానికి ముందు రోజు నీ మాదిరే కోసి చూసినాడు. ముప్పై పండ్లు."

ఆమె పండ్ల ముక్కలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. తిండి పారేసే రోజులు కావు. అంతా ఏరుకున్నాక లేచి నిలబడి నా కళ్ళలోకి చూసింది.

"నువ్వు ఆ పొద్దు గంపలు చీల్చకుంటే నా పాప బతికుండేది."

వచ్చే తరం, ఆ తర్వాతి తరం, మూడువందల మంది అని నేను చెప్పగలను. ఎన్నిసార్లో నాకు నేను చెప్పుకున్నాను.

"అవును" అన్నాను. "బతికుండేది."

ఆమె వెళ్ళిపోయింది. ఆ రోజంతా పడమటి వరస చెట్లకు పాదులు తవ్వుతూనే ఉంది, ఎండ గంట మోగినా వినకుండా. నరసమ్మ వెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

214వ తరం, 44వ రోజు

పని నేర్చుకుంటోంది. అడగదు. నేను చేసేది దూరం నుంచి చూసి, మరుసటి రోజు నాకంటే బాగా చేస్తుంది. పడమటి వరసలో మూడు చెట్లకు వేరుపురుగు పట్టిన సంగతి నాకంటే ముందే కనిపెట్టి, మట్టి తీసి బూడిద పోసింది. నాకు చెప్పలేదు. పొద్దున పోయి చూస్తే తెలిసింది.

జయచంద్ర రెండుసార్లు ఫోను చేశాడు. ఆమె మాట్లాడనంది. నన్ను చెప్పమని కూడా అనలేదు. ఫోను మోగుతుంటే లేచి బయటికి పోతుంది.

215వ తరం, 1వ రోజు

పది గంపలు. పదకొండోది సగం.

మోసేవాళ్ళతో జయచంద్ర స్వయంగా వచ్చాడు. గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. నా చేతివైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఐదు అడుగుదామని వచ్చినా" అన్నాడు నాతో. "ఒక్కటే ఎక్కువ. కొత్త చెట్లకు పిందెలన్నీ రాలిపోతాండాయి. పిల్లోళ్ళు ఇంకా తేరుకోల్యా."

నేను నోరు తెరిచేలోపల సాలమ్మ గంపల ముందుకొచ్చి నిలబడింది. చేతిలో కొడవలి ఉంది. పొద్దున్నుంచి కోత కోస్తోంది కాబట్టి ఉంది. కానీ దాన్ని కింద పెట్టలేదు.

"నాలుగు" అంది.

"సాలమ్మా, నేను ఊరికోసం..."

"నాలుగు ఎత్తుకోని పో. ఐదోదాని మీద చెయ్యి పెడితే ఆ చెయ్యి ఈడనే ఉంటాది."

"నీ పుట్టినూరే గదమ్మా అది. ఆ జనం నీ జనం గాదా?"

"నువ్వు ముప్పై పండ్లు కోసి చూసిన పొద్దు గూడా వాళ్ళు నా జనమే. ఆ పొద్దు ఎందుకు చెప్పల్యా వాళ్ళకు?"

మోసేవాళ్ళు నలుగురూ జయచంద్ర ముఖం వైపు చూశారు. వాళ్ళకు ఈ మాట కొత్త. వాళ్ళలో ఒకడు, ఆ రోజు బోర్లించిన గంప దగ్గర కూలబడి ఏడ్చినవాడు, "ఏం పండ్లు?" అని అడిగాడు.

"దారిలో అడుగు ఆయన్ని. తొమ్మిది కిలోమీటర్లుండాది" అంది సాలమ్మ.

నాలుగు గంపలు ఎత్తుకుని పోయారు. ముందు నలుగురు, వెనక చాలా దూరంలో జయచంద్ర. ఊరు అతన్ని ఏం చేస్తుందో నాకు తెలియదు. సాలమ్మ అతను మలుపు తిరిగేదాకా చూసి, నా వైపు తిరిగింది.

"నీ పక్కన నిలబడినా అనుకోవద్దు."

"అనుకోల్యా."

"నిన్ను చూసినప్పుడల్లా నా బిడ్డ గుర్తొస్తాది. చచ్చేదాకా వస్తాది."

"రానీ" అన్నాను. "ఈగలు లేచే పొద్దయింది. గుడ్డలు విప్పల్ల."

మిగిలిన గంపల గుడ్డలు ఆమే విప్పింది. నేను ఒంటి చేత్తో విప్పుతుంటే ఆలస్యమవుతుందని నన్ను పక్కకు నెట్టింది. ఈగలు దట్టంగా లేచి పడమటి వరసలోకి పోయాయి. ఎండ గంట మోగేదాకా ఆమె ఆ చివర, నేను ఈ చివర నిలబడి కాయల మూతుల మీద ముసిరినవాటిని చూశాం. తర్వాత ఆమె నరసమ్మ గుడిసె వైపు, నేను నా గుడిసె వైపు నీడకు పోయాం.